సైనికులు వెళ్లిపోయారు.. మరి బడి గంట మోగేదెప్పుడు?

యుద్ధం ఆగిందన్న వార్త ఒక్క రోజులో వచ్చేస్తుంది. బడి మళ్లీ తెరిచారన్న వార్త రావడానికి మాత్రం ఏళ్లు పట్టొచ్చు. పక్కనే ఉన్న శ్రీలంకను చూడండి. అక్కడ అంతర్యుద్ధం 2009 మే నెలలో ముగిసింది. జాఫ్నా ద్వీపకల్పంలోని కాంకేసన్‌తురైలో, సైన్యం హైసెక్యూరిటీ జోన్ లోపల ఉండిపోయిన నడేశ్వర కళాశాల ఆవరణ మళ్లీ చేతికొచ్చింది 2016లో. తుపాకులు ఆగాక కూడా దాదాపు ఏడేళ్లు. జనం ఆ ఊరు వదిలిపెట్టిన 1990 నుంచి లెక్కేస్తే పాతికేళ్లు దాటింది. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లాడికి ఈలోగా పెళ్లై, వాడి పిల్లలు బడి ఈడుకు వచ్చేసి ఉంటారు.

బడి మీద బాంబు పడితే ఫొటో వస్తుంది, ప్రపంచం మాట్లాడుతుంది. బడిలో సైన్యం మకాం వేస్తే అంత చప్పుడు ఉండదు. ఆ సైన్యం వెళ్లిపోయాక బడి సంగతి ఏమైందో అడిగేవాళ్లు ఇంకా తక్కువ. ఈ విశ్లేషణ ఆ మూడో దశ గురించే. ఖాళీ చేయడం వేరు, బడిగా తిరిగి ఇవ్వడం వేరు. ఈ రెండింటి మధ్య తేడాలోనే ఒక తరం చదువు కొట్టుకుపోతోంది.

సైన్యానికి బడే ఎందుకు కావాలి?

కారణాలు చాలా మామూలువి. పల్లెలో ఉన్న ఒకే ఒక్క పక్కా బిల్డింగ్ తరచూ బడే. కాంపౌండ్ వాల్ ఉంటుంది, బోరు ఉంటుంది, మరుగుదొడ్లు ఉంటాయి, రోడ్డుకు దగ్గరగా ఉంటుంది. పైన డాబా ఎక్కితే చుట్టూ కనిపిస్తుంది. వాడుకున్నందుకు అద్దె కట్టమని అడిగేవాళ్లు లేరు. పిల్లలు ఎదురు తిరగరు, టీచర్ నోరు మెదపలేడు. అందుకే సర్కారు సైన్యమైనా, తిరుగుబాటుదారులైనా ముందు కన్నేసేది బడి మీదే.

ఈ దాడులను లెక్కగట్టే అంతర్జాతీయ కూటమి ఒకటుంది. పేరు గ్లోబల్ కొయలిషన్ టు ప్రొటెక్ట్ ఎడ్యుకేషన్ ఫ్రమ్ అటాక్. దాని 2024 నివేదిక ప్రకారం 2022, 2023 సంవత్సరాల్లో విద్య మీద జరిగిన దాడులు, బడుల సైనిక వాడకం ఘటనలు కలిపి సుమారు 6,000. హతులు, క్షతగాత్రులు, అపహరణకు గురైనవాళ్లు, అరెస్టయినవాళ్లు అంతా కలిపి 10,000 మందికి పైగా విద్యార్థులు, టీచర్లు. అంతకుముందు రెండేళ్లతో పోలిస్తే ఇది పెరిగిన లెక్కే.

చట్టంలో ఉన్న చిల్లు

అంతర్జాతీయ మానవతా చట్టం ప్రకారం బడి పౌర ఆస్తి. 1977 నాటి మొదటి అదనపు ప్రొటోకాల్‌లో 52వ అధికరణం ఇంకో మాట చెబుతుంది. ఒక బడిని సైనిక అవసరానికి వాడుతున్నారా లేదా అన్న అనుమానం వస్తే, వాడటం లేదనే అనుకోవాలి. బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, అందులో సైన్యం నిజంగా దిగితే ఆ బడి సైనిక లక్ష్యంగా మారిపోతుంది. అవతలివాళ్లు కొట్టడానికి వీలు దొరుకుతుంది. పైగా బడిని వాడుకోవడాన్నే పూర్తిగా నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం లేదు.

ఈ చిల్లును పూడ్చడానికే 2015 మే 29న నార్వే రాజధాని ఓస్లోలో సేఫ్ స్కూల్స్ డిక్లరేషన్ వచ్చింది. నార్వే, అర్జెంటీనా దీన్ని ముందుకు నడిపించాయి. ఇప్పటికి 120కి పైగా దేశాలు ఒప్పుకున్నాయి. అమెరికా, రష్యా, చైనా ఆ జాబితాలో లేవు. మన ఇండియా కూడా లేదు. 2021 అక్టోబర్ 29న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 2601వ తీర్మానం చేసింది. సంఘర్షణల్లో విద్యను కాపాడటం మీదే పూర్తిగా పెట్టిన మొదటి తీర్మానం అది.

డిక్లరేషన్‌తో పాటు ఉన్న మార్గదర్శకాల్లో రెండోది మన విషయానికి ముఖ్యం. జనం వదిలేసి వెళ్లిన బడిని కూడా వాడొద్దు, వేరే దారి అస్సలు లేనప్పుడు, అవసరమైనంత కాలమే వాడాలి అంటుంది. వెళ్లేటప్పుడు ఇసుక బస్తాలు, బంకర్లు, ముళ్ల కంచెలు లాంటి సైనిక గుర్తులన్నీ తీసేయాలి. జరిగిన నష్టాన్ని త్వరగా బాగు చేయాలి. ఆయుధాలు, పేలని మందుగుండు ఏదీ మిగలకుండా ఏరేయాలి. చదవడానికి మూడు వాక్యాలే. అమలులో ఏమవుతుందో ఒక్క ఊరి కథ చూస్తే తెలుస్తుంది.

మోసుల్ చెప్పే పాఠం

ఇరాక్‌లోని మోసుల్ నగరం 2014 జూన్‌లో ఐసిస్ చేతుల్లోకి పోయింది. మోసుల్ యూనివర్సిటీ ఆ దేశంలోని పెద్ద విద్యాసంస్థల్లో ఒకటి. ఐసిస్ దాన్ని తన స్థావరంగా మార్చుకుంది. అక్కడి ల్యాబుల్ని బాంబుల పనికి వాడుకుంది. సంకీర్ణ దళాల వైమానిక దాడులు క్యాంపస్ మీద పడ్డాయి. టీచర్లు, విద్యార్థుల్లో కొంతమంది కిర్కుక్, దోహుక్ వైపు వెళ్లి, అక్కడ పరాయి గదుల్లో యూనివర్సిటీని నడిపించారు. 2017 జనవరిలో ఇరాకీ బలగాలు క్యాంపస్‌ను తిరిగి తీసుకునేసరికి సెంట్రల్ లైబ్రరీ కాలి బూడిదై ఉంది. లక్షల పుస్తకాలు పోయాయి.

చదువు మాత్రం అదే ఏడాది మొదలైంది. నగరంలో ఇంకోవైపు యుద్ధం నడుస్తుండగానే యువకులు, విద్యార్థులు వలంటీర్లుగా వచ్చి శిథిలాలు ఎత్తారు, మిగిలిన పుస్తకాలు ఏరారు. కానీ లైబ్రరీ బాగై మళ్లీ తలుపులు తెరిచింది 2022 ఫిబ్రవరిలో. ఐదేళ్లు! అదీ ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ, విదేశీ నిధులు వెనకుంటే.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, శుభ్రం చేయడం అంటే చీపురు పని కాదు. నేలలో, గోడల్లో, బెంచీల కింద ఏం పెట్టి వెళ్లారో తెలియదు. పేలుడు పదార్థాల నిపుణులు గది గదీ చూసి సరే అనేదాకా పిల్లల్ని లోపలికి పంపకూడదు. రెండోది, బిల్డింగ్ సిద్ధమైనా పిల్లలు సిద్ధంగా ఉండకపోవచ్చు. ఐసిస్ పాలన కింద మూడేళ్లు పోయాయి. ఐసిస్ ఇచ్చిన కాగితాలను ఇరాక్ ప్రభుత్వం గుర్తించలేదు. బర్త్ సర్టిఫికెట్, గుర్తింపు పత్రాలు లేని పిల్లలకు బడిలో పేరు రాయించుకోవడమే పెద్ద గండమైంది. గది ఉంది, బెంచీ ఉంది, హాజరు పట్టీలో పేరు మాత్రం లేదు.

గాజా, సూడాన్‌లలో ఇంకో రకం చిక్కు. అక్కడ చాలా బడులు ఇల్లు పోయిన కుటుంబాలకు ఆశ్రయంగా మారాయి. ఒక్కో క్లాస్‌రూంలో కొన్ని కుటుంబాలు. వాళ్లను సైనికులతో ఒకే గాటన కట్టడం అన్యాయం. వాళ్లు బడిని ఆక్రమించలేదు, తలదాచుకున్నారు. అక్కడ బడిని చదువుకు తిరిగి ఇవ్వాలంటే ముందు ఆ కుటుంబాలకు గూడు చూపించాలి. అది చేయకుండా బడి ఖాళీ చేయించడం అంటే ఒక పిల్లాడిని క్లాసులో కూర్చోబెట్టడానికి ఇంకో పిల్లాడిని రోడ్డున పడేయడమే.

మన ఇంటి పక్కనే బస్తర్

ఇదంతా ఎక్కడో పరాయి దేశాల గొడవ అనుకోవద్దు. భద్రాచలం దాటితే బస్తర్. ప్రభుత్వం దాన్ని యుద్ధం అనదు. కానీ అక్కడి బడుల మీద పడిన దెబ్బ యుద్ధం దెబ్బే.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్ ప్రాంతాల్లో భద్రతా బలగాలు బడుల్లో, హాస్టళ్లలో మకాం వేశాయి. మావోయిస్టులు బడుల బిల్డింగుల్ని పేల్చేశారు. బలగాలు క్యాంపులుగా వాడుకుంటున్నాయి కాబట్టే కూల్చాం అన్నది వాళ్ల వాదన. జార్ఖండ్, బిహార్‌లలో ఇలాంటి ఘటనల మీద హ్యూమన్ రైట్స్ వాచ్ 2009లో నివేదిక ఇచ్చింది. పేల్చేసిన బడుల్లో చాలావాటిలో ఆ సమయానికి బలగాలు లేనే లేవని అందులో తేల్చింది. ఒకరు బడిని వాడుకున్నారు, ఒకరు బడిని కూల్చారు. మధ్యలో పోయింది ఆదివాసీ పిల్లల చదువు.

2011 జులై 5న సుప్రీంకోర్టు నందినీ సుందర్ కేసులో తీర్పు ఇచ్చింది. రాసినవారు మన తెలంగాణ బిడ్డ జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌తో కూడిన బెంచ్. 2025లో ఆయన ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు ఈ తీర్పు మీద దేశమంతా రచ్చ జరిగింది. సల్వాజుడుం రద్దు కరెక్టా కాదా అన్నదాని చుట్టూనే చర్చ తిరిగింది. అదే తీర్పులో బడుల గురించి ఉన్న భాగం మరుగున పడిపోయింది.

ఆ భాగం ఏం చెబుతుంది? బడులు, ఆస్పత్రులు, ఆశ్రమాలు, అంగన్‌వాడీలు ఏవీ భద్రతా బలగాల చేతిలో లేవని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ముందు కోర్టుకు గట్టిగా చెప్పింది. తర్వాత నిజం అది కాదని తేలింది. ఖాళీ చేయమని కోర్టు గడువు పెట్టి చెప్పాల్సి వచ్చింది. అంతకుముందే 2010 సెప్టెంబర్ 1న, ఈశాన్య రాష్ట్రాల పిల్లల విషయమై వచ్చిన ఇంకో కేసులో, బడి బిల్డింగులు, హాస్టళ్లను ఇకపై సాయుధ బలగాలు ఏ కారణంతోనూ వాడకుండా చూడాలని ఇదే సుప్రీంకోర్టు ఆదేశించింది.

అంటే మన దగ్గర ఖాళీ చేయమనే ఆర్డర్లు ఉన్నాయి. ఖాళీ చేశాక ఎవరు బాగు చేయాలి, ఎన్ని రోజుల్లో, ఎవరి ఖర్చుతో అన్నదానికి ఒక పద్ధతి లేదు.

లెక్కల పుస్తకంలో లేని అప్పు

నేను చదివింది కామర్స్. అందుకని ఈ వ్యవహారాన్ని లెక్కల వైపు నుంచి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది.

మన దేశంలో 1952 నాటి స్థిరాస్తుల రిక్విజిషన్ చట్టం ఉంది. కేంద్రం తన అవసరానికి ఎవరి ఆస్తినైనా తాత్కాలికంగా తీసుకోవచ్చు అంటుంది. కానీ మూడో సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. ప్రార్థనా స్థలం, బడి, ఆస్పత్రి, పబ్లిక్ లైబ్రరీ, అనాథాశ్రమంగా మాత్రమే వాడుతున్న ఆస్తిని తీసుకోకూడదు. ఇక ఆరో సెక్షన్ ప్రకారం తీసుకున్న ఆస్తిని తిరిగి ఇచ్చేటప్పుడు, మామూలు అరుగుదల పోను, వీలైనంతవరకు తీసుకున్నప్పటి స్థితిలోనే ఇవ్వాలి. నష్టపరిహారం లెక్క కూడా ఆ చట్టంలోనే ఉంది.

చూశారా, 1952లోనే మనవాళ్లకు ఈ ఆలోచన ఉంది. మరి గవర్నమెంట్ బడికి ఇది ఎందుకు అక్కరకు రాదు? ఎందుకంటే సర్కారు బడిని ఎవరూ ఈ చట్టం కింద కాగితం పెట్టి తీసుకోరు. ఒక డిపార్ట్‌మెంట్ బిల్డింగులో ఇంకో డిపార్ట్‌మెంట్ వచ్చి కూర్చుంటుంది, అంతే. నోటీసు ఉండదు, పంచనామా ఉండదు, అద్దె ఉండదు. తీసుకున్నప్పుడు ఎన్ని బెంచీలు, ఎన్ని తలుపులు, బోరు పనిచేస్తోందా లేదా అని రాసుకున్నవాళ్లు లేనప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు ఏం పోయిందో ఎలా తేలుతుంది? ప్రైవేటు ఆస్తికి ఉన్నపాటి రక్షణ పేదోడి బడికి లేకుండా పోయింది.

అసలు ఖర్చు మాత్రం మాయం కాదు. అది విద్యాశాఖ నెత్తిన పడుతుంది. వాడుకున్నది ఒకరు, రిపేర్ బిల్లు ఇంకొకరిది. విద్యాశాఖ దగ్గర నిధులు లేకపోతే ఆ బిల్లును చివరికి కట్టేది పిల్లలే, తమ చదువు సంవత్సరాలతో.

2009 విద్యాహక్కు చట్టంలోనూ ఇదే ఖాళీ. 27వ సెక్షన్ టీచర్లను జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు వాడొద్దు అంటుంది. టీచర్ టైమ్‌కు కాపలా ఉంది, బడి బిల్డింగుకు లేదు. అయితే అదే చట్టం షెడ్యూల్‌లో బడి అంటే ఏమేం ఉండాలో రాసి ఉంది. టీచర్‌కు ఒక గది చొప్పున క్లాస్‌రూములు, ఆడపిల్లలకు మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, మధ్యాహ్న భోజనం వండే వంటగది, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె. బడిని అప్పగించేటప్పుడు ఈ లిస్టునే చెక్‌లిస్టుగా పెట్టుకుంటే సరిపోతుంది. కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు.

పిల్లలు సరిహద్దు దాటేశారు

బస్తర్‌లో బడులు మళ్లీ తెరవడం లేదని కాదు. సుక్మా జిల్లా జగర్‌గుండలో సుమారు 13 ఏళ్ల తర్వాత 2019లో బడి తెరుచుకుంది. అంతకుముందే వెదురుతో కట్టిన పోర్టా క్యాబిన్ హాస్టల్ బడులు వచ్చాయి. ఊరి బడి పోయింది కాబట్టి రోడ్డు పక్కన పెద్ద హాస్టల్ కట్టి పిల్లల్ని అక్కడ చేర్చారు. చదువు ఆగకుండా చూసినందుకు ఆ ప్రయత్నాన్ని మెచ్చుకోవాలి. కానీ అది ఊరి బడికి బదులు కాలేదు. ఆరేళ్ల పిల్లను అమ్మానాన్నల దగ్గర నుంచి తీసుకెళ్లి హాస్టల్‌లో ఉంచడం ఎన్ని ఇళ్లు ఒప్పుకుంటాయి?

ఇంకో ముఖ్యమైన సంగతి. సల్వాజుడుం రోజుల్లో వేలాది కుటుంబాలు పారిపోయి వచ్చింది మన వైపే. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లో, గోదావరి జిల్లాల్లో గుత్తికోయల గూడేలు అలా వెలిసినవే. ఆ పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు, ఇక్కడి బడిలో తెలుగు నేర్చుకున్నారు. రేపు సొంతూరికి పోతే అక్కడ బడి హిందీలో నడుస్తుంది. ఎస్టీ సర్టిఫికెట్ దగ్గర ఇక్కడ చిక్కు, పాత రికార్డులు లేక అక్కడ చిక్కు. ఊళ్లో బడి బిల్డింగ్ తళతళలాడుతూ రెడీగా ఉన్నా, చదవాల్సిన పిల్లాడు ఇంకో రాష్ట్రంలో ఇంకో భాషలో ఉన్నాడు.

దీనివల్ల ఇంకో ప్రమాదం ఉంది. తెరిచిన బడిలో మొదటి ఏడాది పిల్లలు తక్కువగానే వస్తారు. భయం పోవాలి కదా. పిల్లలు తక్కువున్నారని బడుల్ని విలీనం చేయడం మన రెండు తెలుగు రాష్ట్రాలతో సహా అంతటా చూస్తున్నదే. సంఘర్షణ ప్రాంతంలో ఆ రూలే పెడితే, సైన్యం చేతి నుంచి బయటపడ్డ బడి ఫైలు చేతిలో పడి మూతపడుతుంది.

బడిని తిరిగి నిలబెట్టడం కుదరని పనేమీ కాదు. మన చరిత్రలోనే ఉదాహరణ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం బిల్డింగులు మిలిటరీ చేతికి వెళ్లాయి, యూనివర్సిటీ గుంటూరుకు తరలింది. యుద్ధం అయ్యాక మళ్లీ వాల్తేరు చేరింది. కట్టమంచి రామలింగారెడ్డి వైస్ చాన్సలర్‌గా ఉన్న కాలం అది. తేడా ఏంటంటే, యూనివర్సిటీకి మాట్లాడే పెద్దమనుషులు ఉన్నారు, పేరు ఉంది, పలుకుబడి ఉంది. అడవిలో రెండు గదుల బడికి అవి లేవు. అందుకే దానికి రూలు కావాలి.

ఇప్పుడే ఎందుకు అడగాలి?

2026 మార్చి 31లోగా మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టుకుంది. ఇలాంటి గడువులు ఆపరేషన్లకు, క్యాంపులకు, రోడ్లకు ఉంటాయి. బడులకు కూడా ఒక గడువు పెట్టాలి. చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు.

ఒకటి, గత ఇరవై ఏళ్లలో బలగాలు వాడిన, మావోయిస్టులు కూల్చిన బడుల జాబితా ఊరి పేర్లతో బయట పెట్టాలి. ఏది తెరిచారు, ఏది తెరవలేదు, ఎందుకు తెరవలేదు అన్నది పక్కనే ఉండాలి.

రెండు, పేలుడు పదార్థాలు లేవని రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వకుండా ఏ బడిలోకీ పిల్లల్ని పంపకూడదు. బంకర్లు, ముళ్ల కంచెలు తీసే పని వాడుకున్నవాళ్లదే.

మూడు, రిపేర్ ఖర్చు వాడుకున్న శాఖ పద్దులో పడాలి. జేబులోంచి డబ్బు పోతుందంటే ఎవరైనా మకాం వేసే ముందు రెండుసార్లు ఆలోచిస్తారు.

నాలుగు, అప్పగింత కాగితం మీద హెచ్ఎం సంతకంతో పాటు బడి యాజమాన్య కమిటీ సంతకం ఉండాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. బడి నిజంగా బడిలా ఉందో లేదో వాళ్లకంటే బాగా చెప్పేది ఎవరు?

ఐదు, తెరిచిన బడిని కనీసం కొన్నేళ్లపాటు పిల్లల సంఖ్య చూసి మూయకూడదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ కలిసి కూర్చుని గుత్తికోయ పిల్లల రికార్డులు, భాష సంగతి తేల్చాలి.

భద్రత ముఖ్యం కాదా అని అడిగేవాళ్లు ఉంటారు. ముఖ్యమే. అడవిలో డ్యూటీ చేసే జవాను కూడా ఎవరో ఒక పేద తల్లి కొడుకే, వానలో తడవమని ఎవరూ అనరు. అతనికి టెంటు, క్యాంపు, మంచినీళ్లు ఇవ్వాల్సింది హోంశాఖ. ఆ లోటును పిల్లల క్లాస్‌రూంతో పూడ్చడమే తప్పు. పైగా బలగాలు ఉన్న బడి మీద దాడి జరిగే ప్రమాదం పెరుగుతుంది, జవానుకూ క్షేమం కాదు, ఊరికీ కాదు.

బస్తర్ నుంచి ఇకపై విజయం అంటూ వార్త వచ్చిన ప్రతిసారీ మనం ఒక ప్రశ్న జోడించి అడగాలి. ఆ ఊళ్లో బడికి టీచర్ వచ్చాడా, హాజరు పట్టీలో ఎన్ని పేర్లున్నాయి? శాంతికి లెక్క అక్కడే తేలుతుంది.